పలుకని రెండవ డిస్కు

తరగతిలో ఉపాధ్యాయుడు హాజరు వేయుచున్నాడు. "పన్నెండు" అని పిలువగానే ఇద్దరు విద్యార్థులు లేచి ఒకేసారి పలికినచో ఆయన ఏమి చేయును? ఎవరి మాటయు స్పష్టముగా వినబడదు. పట్టీలో పొరపాటున ఇద్దరికిని ఒకే సంఖ్య పడినదని గ్రహించి, ఒకరి సంఖ్యను దిద్దును. అంతటితో చిక్కు తీరును. అట్లు చేయక, "వీరిద్దరును నేడు బడికి రాలేదు" అని వ్రాసికొన్నచో అది ఎంత విపరీతముగా ఉండునో ఆలోచింపుడు. పాత కంప్యూటరులో రెండవ హార్డ్ డిస్కును చేర్చినప్పుడు జరుగునది చాలవరకు ఇదియే.

కొంతకాలము క్రిందట మా కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఇట్టి అనుభవము కలిగినది. అక్కడ విండోస్ 98తో నడచు పాత కంప్యూటరు ఒకటి కలదు. ఒక కొలత పరికరమునకు సంబంధించిన కార్డు దానిలో ఉన్నది. ఆ కార్డు అమరుటకు వలసిన పాత తరహా గాడి నేటి బోర్డులలో సాధారణముగా ఉండదు. కనుక కంప్యూటరునే మార్చివేయుదమన్నను వీలులేదు. దానిలోని 10 గిగాబైట్ల డిస్కు రెండు భాగములుగా ఉన్నది. మొదటి భాగము పేరు "సి", రెండవ దాని పేరు "డి". ఎన్నో ఏండ్లుగా విద్యార్థులు తీసిన కొలతలన్నియు డి భాగములో ఉన్నవి. వానికి వేరొక ప్రతి లేదు. డిస్కు నిండవచ్చినందున, మూలపడియున్న మరియొక కంప్యూటరు నుండి 20 గిగాబైట్ల డిస్కును తీసి దీనికి చేర్చితిమి. మీట వేసి చూడగా క్రొత్తగా చేర్చిన డిస్కు కనబడలేదు సరికదా, పాత డిస్కు కూడ కనబడలేదు!

"డిస్కు పాడైపోయినది" అని ఒకరనిరి. "బోర్డు పోయినది" అని మరియొకరనిరి. నిజమునకు ఏదియు పోలేదు. డిస్కు కనబడలేదను మాటకు నాలుగు వేర్వేరు అర్థములున్నవి. వానిని వేరుచేసి చూడకపోవుటయే మా తప్పు.

నాలుగు మెట్లు

డిస్కు అనగా అయస్కాంత పదార్థము పూసిన పళ్లెము. అది వేగముగా తిరుగుచుండగా, దాని ఉపరితలమునకు అత్యంత సమీపములో కదలు చిన్న హెడ్డు సున్నలను, ఒకట్లను వ్రాయును, చదువును. 1956లో ఐ.బి.ఎం. సంస్థ మొదటిసారిగా ఇట్టి డిస్కుల యంత్రమును వెలువరించినది. 24 అంగుళముల వ్యాసము గల 50 పళ్లెములలో అది దాచగలిగినది 50 లక్షల అక్షరములు మాత్రమే. నేడు అరచేతిలో ఇముడు డిస్కు దానికి లక్షల రెట్లు దాచును. పరిమాణము మారినను, డిస్కులోని సమాచారము మన కంటికి చేరుటకు ఎక్కవలసిన మెట్లు మాత్రము ఉన్నవి.

మొదటి మెట్టు: డిస్కుకు విద్యుత్తు అంది పళ్లెము తిరుగవలెను. రెండవది: తీగ ద్వారా పిలుపు వచ్చినప్పుడు, ఆ పిలుపు తనకే అని తెలిసి పలుకవలెను. మూడవది: బోర్డుపైనున్న బయోస్ అను ప్రారంభ కార్యక్రమము దానిని గుర్తించి, దాని పరిమాణమును సరిగా లెక్కింపవలెను. నాలుగవది: విండోస్ వంటి నిర్వాహక వ్యవస్థ దానిలోని భాగములను చూచి, వానికి పేరుగా ఒక్కొక్క అక్షరము నీయవలెను. ఏ మెట్టున ఆగినను మనకు తోచునది ఒక్కటే: "డిస్కు లేదు." కాని చికిత్స మెట్టు మెట్టుకును వేరు. కనుక క్రింది మెట్టు నుండి వరుసగా పరీక్షింపవలెను.

పరీక్షకు ముందు రెండు జాగ్రత్తలు అవసరము. ఒకటి, పాత డిస్కులో అమూల్యమైన సమాచారమున్నచో పెట్టె తెరువకముందే దానికి ప్రతి తీసికొనవలెను. రెండు, గోడనుండి విద్యుత్తు ప్లగ్గును పూర్తిగా ఊడదీసి, పెట్టెలోని రంగులేని లోహభాగమును చేతితో తాకి, అటుపిమ్మట డిస్కును ముట్టవలెను. పొడిగాలి వీచు దినములలో మన శరీరముపై చేరు స్థిర విద్యుదావేశము సున్నితమైన చిప్పులను చెరుపగలదు.

మొదటి మెట్టు: విద్యుత్తు

పాత డిస్కునకు విద్యుత్తునిచ్చు కనెక్టరులో నాలుగు తీగలుండును. పసుపు తీగలో 12 వోల్టులు, ఎర్ర తీగలో 5 వోల్టులు ఉండును; నల్లనివి రెండును భూసంధానములు. 12 వోల్టులు ముఖ్యముగా మోటారును త్రిప్పును. 5 వోల్టులు ఎలక్ట్రానిక్ భాగములను నడుపును.

నిలకడగా తిరుగుచున్న చక్రమునకు కొద్ది శక్తి చాలును గాని, నిలిచియున్న చక్రమును కదల్చుటకు అధిక శక్తి కావలెను గదా! డిస్కు మోటారు కూడ అట్టిదే. బల్లపై కంప్యూటరులలో వాడు డిస్కు మొదలగునప్పుడు 12 వోల్టుల తీగలో సుమారు 2 ఆంపియర్ల ప్రవాహమును తీసికొనవచ్చును. అనగా 24 వాట్లు. రెండు డిస్కులు ఒకేసారి మొదలైనచో 48 వాట్లు. ఏండ్ల తరబడి వాడుటచే కెపాసిటర్లు బలహీనపడిన సరఫరా పెట్టె దీనికి తాళలేకపోవచ్చును. అప్పుడు కంప్యూటరు దానంతటదే మరల మొదలగుట, డిస్కు తిరుగనారంభించి ఆగిపోవుట వంటి లక్షణములు కనబడును.

చెవి యొగ్గి వినుడు. సన్నని గుయ్యిమను ధ్వని క్రమముగా హెచ్చి నిలకడగా సాగినచో మోటారు తిరుగుచున్నదని అర్థము. ధ్వని లేనిచో వేరొక విద్యుత్ కనెక్టరును తగిలించి చూడవలెను. టక్కు టక్కుమని ఆగక ఒకే ధ్వని వచ్చుచున్నచో అది యాంత్రిక లోపమునకు గుర్తు. అట్టి డిస్కులో కావలసిన సమాచారమున్నచో, మరల మరల నడిపింపక వెంటనే ఆపవలెను. మరియొక లక్షణము కూడ కలదు. మీట వేసినప్పుడు డిస్కు కనబడక, కంప్యూటరును ఆర్పకుండ మరల ప్రారంభించినచో కనబడును. డిస్కు వేగమందుకొనక పూర్వమే బయోస్ దానిని పిలిచినదని దీని భావము.

రెండవ మెట్టు: తీగ, పేరు

మా రెండు డిస్కులును చక్కగా తిరుగుచుండెను. కనుక లోపము రెండవ మెట్టున వెదకవలసి వచ్చినది.

1980ల మధ్యకాలమున రూపొంది, రమారమి ఇరువది ఏండ్లపాటు బహుళముగా వాడబడిన పద్ధతి పేరు ఐ.డి.ఇ. అందులో పట్టీవలె నుండు ఒకే వెడల్పాటి తీగకు రెండు డిస్కులను తగిలింపవచ్చును. బోర్డు పంపు ప్రతి ఆజ్ఞయు రెండు డిస్కులకును చేరును. ఆజ్ఞతోపాటు ఒక బిట్టు కూడ పోవును. అది సున్న యైనచో మొదటి డిస్కు, ఒకటి యైనచో రెండవ డిస్కు బదులు పలుకవలెను. మొదటి దానిని మాస్టరనియు, రెండవ దానిని స్లేవనియు పిలుచుట వాడుక. ఆ పేర్లకు యజమాని, బానిస అని అర్థమైనను, నిజమునకు ఒకటి మరియొకదానిపై పెత్తనము చేయదు. అవి హాజరు పట్టీలోని 0, 1 అను సంఖ్యలు మాత్రమే.

ఈ సంఖ్య డిస్కునకెట్లు తెలియును? దాని వెనుక విద్యుత్ కనెక్టరునకును, పట్టీ తీగకును నడుమ కొన్ని సన్నని పిన్నులుండును. లోపల లోహము గల చిన్న ప్లాస్టిక్ టోపీ రెండు పిన్నులను కలుపును. దీనినే జంపరు అందురు. జంపరు ఉన్న చోటును బట్టి డిస్కు తన సంఖ్యను తెలిసికొనును. ఏ చోటు దేనికో డిస్కుపై అతికించిన కాగితములోని బొమ్మ చూపును. ఒక సంస్థ పద్ధతి మరియొక సంస్థ పద్ధతివలె ఉండదు. కనుక ఆ బొమ్మనే నమ్మవలెను. కొన్ని డిస్కులలో "ఒంటరి", "తోడు గల మాస్టరు" అని వేర్వేరు స్థానములు కూడ ఉండును. మొదట ఒంటరిగా పనిచేసిన పాత డిస్కునకు ఇప్పుడు తోడు వచ్చినది గనుక దాని జంపరును కూడ మార్చవలసి యుండవచ్చును. చాలమంది క్రొత్తదానిని మాత్రమే పరీక్షించి, పాతదానిని మరచెదరు.

మా ఇబ్బంది ఇక్కడనే బయటపడినది. రెండు డిస్కులును వాని వాని యంత్రములలో మొదటి డిస్కులుగా నుండినవే. రెంటికిని సంఖ్య సున్నయే! పిలుపు రాగానే రెండును ఒకే తీగపై బదులు పలికెను. తీగపై ఏర్పడిన సంకేతము దేనికిని చెందినది కాదు. అందుచే బయోస్ రెంటిని లేవనుకొన్నది. 20 గిగాబైట్ల డిస్కు జంపరును స్లేవు స్థానమునకు మార్చగా రెండును పలికినవి. దీనికైన ఖర్చు ఏమియు లేదు.

"కేబుల్ సెలెక్ట్" అను మూడవ స్థానము కూడ కలదు. అందు సంఖ్యను డిస్కు కాక, తీగయే నిర్ణయించును. పట్టీ తీగలోని 28వ తీగ బోర్డువద్ద భూసంధానమై ఉండును. ఆ సంధానము అందిన డిస్కు తాను సున్న అనుకొనును. అందనిది తాను ఒకటి అనుకొనును. ఈ పద్ధతిని వాడినచో రెండు డిస్కులును ఇదే స్థానములో ఉండవలెను. ఒకటి కేబుల్ సెలెక్టులోను, మరియొకటి మాస్టరులోను ఉన్నచో, రెండును ఒకే సంఖ్యను పొందు ప్రమాదము కలదు.

ఇక తీగ సంగతి. పాత పట్టీలో 40 తీగలుండెడివి. వేగము పెరిగిన కొలది ప్రక్క ప్రక్క తీగల సంకేతములు ఒకదానిపై నొకటి ప్రభావము చూపసాగినవి. అందుచేత సెకనుకు 66 మెగాబైట్ల వేగము వచ్చునప్పటికి ప్రతి సంకేత తీగ ప్రక్కను ఒక భూసంధాన తీగను చేర్చి, మొత్తము 80 చేసిరి. కాని పిన్నుల సంఖ్య 40గానే ఉన్నది. ఈ పట్టీలో నీలము రంగు కొస బోర్డుకు, నల్లని కొస మొదటి డిస్కునకు, నడిమి బూడిదరంగు కనెక్టరు రెండవ డిస్కునకు తగిలింపవలెను. అంచున ఉండు ఎర్రగీత 1వ తీగను తెలుపును. పట్టీ పొడవు 18 అంగుళములు, అనగా సుమారు 46 సెంటీమీటర్లు మించరాదు. డిస్కు ఒక్కటియే ఉన్నచో దానిని నడుమ గాక కొసన తగిలింపవలెను. తాడును ఒక కొసన ఊపినచో తరంగము రెండవ కొసకు పోయి తిరిగి వచ్చుటను మనము తరగతిలో చూపుచుందుము. ఊరక వ్రేలాడు తీగ కొసనుండి విద్యుత్ సంకేతము కూడ అట్లే ప్రతిఫలించి అసలు సంకేతమును కలచును.

మూడవ మెట్టు: బయోస్, సంఖ్యల ఎల్లలు

కంప్యూటరు మొదలగునప్పుడు డిలీట్ లేక ఎఫ్2 వంటి మీటను నొక్కినచో బయోస్ పట్టిక తెరపైకి వచ్చును. దానిలో డిస్కు పేరు, పరిమాణము సరిగా కనబడినచో మొదటి రెండు మెట్లు దాటితిమన్నమాట. పేరులోని అక్షరములు చెల్లాచెదరుగా కనబడినచో పట్టీ తీగను, జంపరులను మరల చూడవలెను. పట్టికలో ఆ స్థానము "లేదు" అని నిర్ణయింపబడి ఉన్నచో "స్వయముగా గుర్తించు" అని మార్చవలెను. ప్రతిదినము గడియారము తప్పి, ఈ నిర్ణయములు చెరిగిపోవుచున్నచో బోర్డుపైనున్న 3 వోల్టుల నాణెపు బ్యాటరీ అయిపోయినదని గ్రహింపవలెను.

కొన్నిసార్లు డిస్కు కనబడును గాని దాని పరిమాణము తప్పుగా కనబడును. దీనికి కారణము గణితములో ఉన్నది. డిస్కుపై సమాచారము 512 బైట్లు గల చిన్న గదులలో ఉండును. ఆ గది చిరునామా వ్రాయుటకు ఎన్ని బిట్లు కేటాయించిరో అన్ని గదులనే పిలువవచ్చును. తొలి పద్ధతిలో బయోస్ నియమమును, డిస్కు నియమమును కలిసి 1,024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లు మాత్రమే అనుమతించెను. వీనిని గుణించి 512చే హెచ్చవేసినచో 52,84,82,304 బైట్లు వచ్చును. అందుచేత 1990ల తొలినాటి కంప్యూటర్లు సుమారు 528 మెగాబైట్లకు మించి చూడలేకపోయెను. హెడ్ల సంఖ్యను 256గా చూపు ఉపాయముచే ఎల్ల 8.4 గిగాబైట్లకు పెరిగినది. అటుపిమ్మట కొన్ని బయోస్ కార్యక్రమములు 33.8 గిగాబైట్లవద్ద ఆగిపోయెను. కొన్ని యంత్రములు అంతకు మించిన డిస్కును చేర్చినచో మొదలే కాక నిలిచిపోయెడివి.

తరువాత చిరునామాకు 28 బిట్లు వాడిరి. 2ను 28 మారులు హెచ్చవేసినచో 26,84,35,456 గదులు. అనగా సుమారు 137 గిగాబైట్లు. 2002 నాటి ప్రమాణము చిరునామాను 48 బిట్లకు పెంచినది. విండోస్ ఎక్స్‌పీకి ఆ సంవత్సరమే వచ్చిన మొదటి సర్వీస్ ప్యాక్ ఈ పద్ధతిని నేర్పినది. ఇది తెలియని వ్యవస్థలో 137 గిగాబైట్లకు మించిన డిస్కును వాడుట అపాయకరము. ఎల్ల దాటిన చిరునామాలోని పై అంకెలు జారిపోయి, చివర వ్రాయవలసినది మొదటికి వచ్చి పడవచ్చును. అనగా డిస్కు నిండుచుండగా దాని తొలి సమాచారమే చెరుగవచ్చును. కనుక పాత యంత్రమునకు దాని ఎల్లలోపలి డిస్కునే ఎన్నుకొనుట మేలు.

పరిమాణము తగ్గినట్లు కనబడు ప్రతిసారియు లోపమున్నదనుకొనరాదు. డిస్కు చేయువారు గిగాబైటనగా 100 కోట్ల బైట్లని లెక్కింతురు. విండోస్ 107,37,41,824 బైట్లను గిగాబైటుగా లెక్కించును. అందుచేత 20 గిగాబైట్ల డిస్కు 18.6గా కనబడును. ఈ చిన్న లెక్కయే మమ్ములను గొప్ప నష్టము నుండి కాపాడినది. అది నాలుగవ మెట్టులోని కథ.

నాలుగవ మెట్టు: అక్షరములు మారుట

రెండు డిస్కులు పలికిన పిమ్మట కొలతల కార్యక్రమమును తెరచితిమి. "సమాచారము లేదు" అని తెరపై వచ్చినది. డి భాగమును చూడగా అది శూన్యము! అందరి ముఖములును వెలవెలబోయినవి. ఆ తొందరలో ఒక విద్యార్థి, "పాత డిస్కులో సి, డి ఉన్నవి గనుక క్రొత్తది ఇ అగును. ముందు ఇ భాగమును ఫార్మాట్ చేసి సిద్ధపరతును" అని ఆజ్ఞను వ్రాయబోయెను. అతని తర్కము తప్పని ఎవరికిని తోచలేదు. కాని మరియొక విద్యార్థిని తెరవంక చూచి, "అయ్యా, ఇ పరిమాణము 4.6 అని యున్నది. మన క్రొత్త డిస్కు 18.6 ఉండవలెను గదా!" అనినది.

ఆమె చెప్పినది నిజము. డాస్‌లోను, విండోస్ 98లోను అక్షరములిచ్చు వరుస వేరు. మొదట అన్ని డిస్కులలోని ప్రాథమిక విభాగములకు, అటుపిమ్మట ఒక్కొక్క డిస్కులోని ఉపవిభాగములకు అక్షరములు వచ్చును. మేము తెచ్చిన డిస్కులో పూర్వయజమాని చేసిన ప్రాథమిక విభాగము ఉన్నది. కావున అది డి అయినది. మా కొలతలున్న పాత డి, ఉపవిభాగమగుటచే ఇ అయినది. ఇ ఫార్మాట్ చేయబడియున్నచో ఎన్నో సంవత్సరముల విద్యార్థుల శ్రమ ఒక్క మీటతో తుడిచిపెట్టుకుపోయెడిది. క్రొత్త డిస్కులోని ప్రాథమిక విభాగమును తొలగించి, దానిలో ఉపవిభాగమును మాత్రమే ఏర్పరచగా, పాత డి మరల డి అయినది. క్రొత్తది ఇ అయినది. కొలతలన్నియు యథాస్థానములో కనబడినవి. ఆ దినమే వానికి ప్రతి తీసి క్రొత్త డిస్కులో ఒకటియు, వేరొక కంప్యూటరులో ఒకటియు ఉంచితిమి.

విండోస్ 2000, ఎక్స్‌పీలలో ఒకసారి ఇచ్చిన అక్షరమును వ్యవస్థ జ్ఞాపకముంచుకొనును. కనుక ఈ చిక్కు తక్కువ. అక్కడ మరియొకటి కలదు. ఏ విభాగమును లేని క్రొత్త డిస్కునకు అక్షరమే రాదు. బయోస్‌లో కనబడిన డిస్కు "నా కంప్యూటరు" కిటికీలో కనబడకపోయినచో, "డిస్క్ మేనేజ్‌మెంట్" అను పట్టికను తెరచి విభాగమును ఏర్పరచవలెను. అయితే లోపల సమాచారము గల డిస్కు విభాగములేనిదిగా కనబడినచో ఏర్పరచుటకు తొందరపడరాదు. ముందు మూడవ మెట్టునకు దిగి పరిమాణమును సరిచూడవలెను.

సాటా డిస్కుల విషయము

సుమారు 2003 నుండి వాడుకలోనికి వచ్చిన సాటా పద్ధతిలో ప్రతి డిస్కునకును వేరుగా సన్నని తీగ ఉండును. కావున మాస్టరు, స్లేవు తగాదా లేదు. అయినను అన్ని చిక్కులు తీరలేదు. బయోస్‌లో ఆ ద్వారము మూయబడి ఉండవచ్చును. తొలి తరము బోర్డులలో కొన్ని తరువాతి వేగవంతమైన డిస్కులతో మాట కలుపలేవు. అట్టిచోట, డిస్కుపై వసతి ఉన్నచో, జంపరుతో వేగమును తగ్గింపవలెను. క్రొత్త డిస్కును చేర్చగానే "నిర్వాహక వ్యవస్థ లేదు" అని వచ్చినచో భయపడరాదు. బయోస్ క్రొత్త డిస్కును ముందు పిలుచుచున్నదని అర్థము. ప్రారంభపు వరుసలో పాత డిస్కును ముందుంచిన చాలును.

ఉపాధ్యాయులకు ఒక మాట

అనేక పాఠశాలలలో మూలపడిన పాత కంప్యూటర్లు ఉండును. అవసరమైన సమాచారము లేని రెండు డిస్కులను వానిలో అమర్చి, ఈ పరీక్షలను విద్యార్థులచే చేయింపవచ్చును. సరఫరా పెట్టె మూతను మాత్రము ఎన్నడును విప్పనీయరాదు. విండోస్ 98కు 2006తోను, ఎక్స్‌పీకి 2014తోను తయారీదారు రక్షణ ముగిసినది గనుక, అట్టి యంత్రములను ఇంటర్నెట్‌కు తగిలింపకుండుట మంచిది.

పరీక్షలో ఒక్కసారి ఒక్క మార్పునే చేసి, ఫలితమును వ్రాసికొనవలెను. ఏ డిస్కుపైనను సందేహమున్నచో రెండవదానిని తీసివేసి దానిని ఒంటరిగా పరీక్షింపవలెను. ప్రతి విభాగమునకును ముందుగానే ఒక పేరు పెట్టి, దాని పరిమాణమును పుస్తకములో వ్రాసి ఉంచవలెను. చెరిపివేయు ఆజ్ఞ నిచ్చుటకు ముందు ఆ పేరును, పరిమాణమును రెండింటిని పోల్చి చూడవలెను. మా ప్రయోగశాలలో ఆ రెండు డిస్కులును ఇప్పటికిని ఒకే తీగపై పనిచేయుచున్నవి. ఆ పెట్టె ప్రక్కన ఒక కాగితము అతికించితిమి. దానిపై ఉన్నది రెండు వరుసలే: సున్న, పాత డిస్కు, సి మరియు డి. ఒకటి, క్రొత్త డిస్కు, ఇ.